బింగ్యావ్ కాచిన గుల్లల సూప్

మా చువాన్‌జౌ రేవులో పనిచేసి రిటైరైన జువాంగ్ బింగ్యావ్ అంతటి గొప్పలరాయుడు ఇంకొకడు లేడు. ఏనాడూ పొయ్యి వెలిగించి ఎరగడు గానీ, భార్య సుయిన్ చేసే గుల్లల సూప్‌కు రోజూ వంకలు పెట్టేవాడు. ఒకరోజు ఆమెకు ఒళ్లు మండింది.

"అయితే ఇవాళ మీరే కాచండి," అనేసి పక్కనే ఉన్న మా ఇంటికొచ్చి కూర్చుంది.

గుల్లల్ని ఉప్పునీళ్లలో ఉంచి ఇసుక కక్కించాలని ఆ మహానుభావుడికి తెలియదు. బజారు నుంచి తెచ్చినవి తెచ్చినట్టే అల్లం వేసి మరిగించి, మమ్మల్ని దర్జాగా పిలిచాడు. మొదటి గుక్కకే నా పళ్ల కింద ఇసుక కరకరలాడింది.

"ఏం బావా, సముద్రం ఒడ్డంతా ఇందులోనే పోశావా?" అన్నాను.

"అసలైన రుచంటే ఇదేరా! నీ మొహం, నీకేం తెలుసు?" అంటూ గిన్నెడూ తాగేశాడు. సుయిన్ నవ్వాపుకోలేక బయటికి పరుగెత్తింది.

తప్పు ఒప్పుకోవడం కన్నా ఇసుక మింగడమే తేలికైంది ఆ మనిషికి. మర్నాడు ఆమె చేసిన సూప్‌లో ఉప్పు తక్కువైందన్నాడు.