కరువు కూర

మా మేనత్త నాగక్క మొండిది. ఊరంతా ఆ మాటను తిట్టుగా అనేది. నేను మాత్రం గర్వంగా చెప్పుకుంటాను.

పంతొమ్మిదివందల ఇరవైలలో ఓర్వకల్లు దగ్గర మా పల్లెకు వచ్చిన లాల్ అహమ్మద్ పంతులు బడి వెనక పిల్లలతో తోటకూర మడులు వేయించాడు. నీళ్లు పిల్లలే చేదేవాళ్లు. కోసిన ఆకును పప్పులో వేసి అక్కడే వండుకుని, ఇంటి నుంచి తెచ్చిన జొన్నరొట్టెల్లోకి నంజుకునేవాళ్లు. ఆ రుచి మరిగిన నాగక్కకు ఇంట్లో ఉత్త కారంతో రొట్టె గొంతు దిగలేదు; ఇంట్లోనూ ఆకు వండమంది.

మా తాత పెద్ద ఈరన్న మండిపడ్డాడు. చిన్నప్పటి కరువులో దొరికిన ఆకల్లా ఉడకేసుకుని బతికినవాడు. గాదెలో గింజలు పడ్డాక ఇక గడపలోకి ఆకు రానివ్వనని ఒట్టు పెట్టుకున్నాడు. ఊళ్లో అందరికీ అది కరువు కూరే, తినేవాళ్లంటే చిన్నచూపే. ఆ చిన్నచూపు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

"మన గాదెలో జొన్నలు లేవా మే? ఆకు మేసేదానికి నువ్వేమన్నా మేకవా? రేపట్నుంచి బడి లేదు, ఏం లేదు!"

"బడికీ పోతా నాయనా, ఆకూ తింటా."

తాత బడి మాన్పించాడు. నాగక్క పంతులు దగ్గర్నుంచి విత్తనాలు తెప్పించి అంట్ల నీళ్లు పారేచోట చల్లింది. తాత పీకేశాడు. మళ్లీ చల్లింది. మళ్లీ పీకబోతే మొలకలకు అడ్డంగా కూర్చుంది.

"ఆకు ఇంట్లోకొస్తే కరువొస్తాది, లెయ్!" తాత గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువ.

"కరువొచ్చిందని మీరు ఆకు తింటిరి. ఆకు తిన్నందుకు కరువు రాలేదు."

తాత మొలకలు పీకకుండానే వెళ్లిపోయాడు.

ఆ ఆకు కోతకొచ్చిన రోజే తాత బావమరిది దేవేంద్రప్ప డోన్ నుంచి వచ్చాడు. నాగక్క ఆయన రొట్టె మీదే ఆకుపప్పు వేసింది. "మా ఇంట్లో కరువు లేదు మామా. ఇది నేను పండించింది, తిను."

తాత సిగ్గుతో తల దించుకున్నాడు. దేవేంద్రప్ప మారు అడిగాడు. అప్పుడు తండ్రికీ వడ్డించి ఎదురుగా నిలబడింది. తాత ఒక ముక్క నోట్లో పెట్టుకుని నమలడం ఆపేశాడు.

"ఇందులో ఉప్పుండాదే!"

"ఉప్పు లేకుండా ఎవరన్నా వండుతారా నాయనా?"

"ఆ కరువులో మాయమ్మ వండింది. అప్పుడు ఇంట్లో ఉప్పు గూడా లేదు."

ఏడుస్తూనే రొట్టంతా తిన్నాడు. చెయ్యి కడుక్కుని అన్నాడు: "పొద్దున్నే బడికి పో. పంతుల్ని ఇంకిన్ని విత్తనాలడుగు."