నా కుట్టుకు నా పేరు తిరిగి ఇచ్చిన దేవుడు

సహోదరులారా, సహోదరీలారా, నిమ్మళంగా చెప్పమని పాస్టరమ్మ అన్నారు గానీ ఈ సాక్ష్యం కోపం లేకుండా చెప్పడం నాకు చేతకాదు, ప్రభువే నన్ను క్షమించాలి! పెళ్లి జాకెట్లకు మగ్గం పని చేసే ఈ చేతులు ఒకప్పుడు సూది పట్టుకోగానే గజగజ వణికేవి, దవాఖానలో చూపిస్తే రోగమేమీ లేదన్నారు.

కొత్తకోటలో ఒక దుకాణంలో ఏళ్ల తరబడి పనిచేశాను. నేను వేసిన నెమళ్లు, పూలతీగలు ఫోన్లలో ఊరూరా తిరిగేవి, కింద మాత్రం దుకాణం మేడం పేరు, పైగా "నా స్వహస్తాలతో" అని! సూదిలో దారం ఎక్కించడం రాని మనిషి! ఒకరోజు తట్టుకోలేక నా పేరు కూడా వెయ్యమని అడిగాను. "కూలికి కుట్టేదానివి, నీకు పేరెందుకే?" అని అందరి ముందూ నవ్వి, నన్ను పనిలోంచి తీసేసింది. ఇంకో దుకాణానికి పోతే "నీ పని ఏది, జర చూపియ్" అన్నారు. ఏం చూపించాలి? పొద్దున రాగానే మా ఫోన్లు ఆమె సొరుగులో పెట్టించుకునేది, నా దగ్గర ఒక్క ఫోటో లేదు. ఫోన్‌లో మేడం పేజీ తెరిచి చూపిస్తే, కింద ఆమె పేరు చూసి నన్నే దొంగను చేశారు.

సంఘంలో కొందరు "ఓర్చుకో, క్షమించు, ఊకో" అన్నారు. క్షమించడమంటే దొంగతనాన్ని కప్పిపెట్టడమా? మోకరించి కేక వేశాను: "ప్రభువా, గీ చేతులు నువ్విచ్చినవే గదా! నా పని ఇంకొకరి పేరు మీద తిరుగుతాంటే నీకు కనిపిస్తలేదా? నా నోరు మూయించిండ్రు, నువ్వన్న మాట్లాడు!"

ఆయన మాట్లాడాడు! మరుసటి ఆదివారం ఆరాధనలో శాంతి అనే కొత్త కోడలు నా ముందు వరుసలో కూర్చున్నది, ఆమె వీపు మీద నా నెమలి! అందరూ కళ్లు మూసుకుని ప్రార్థిస్తుంటే నేను కళ్లార్పకుండా చూస్తున్నాను, అప్పుడు గుర్తొచ్చింది. మగ్గం మీద బట్ట బిగించాక, ఆ పెళ్లికూతురు ఎవరో తెలియకపోయినా ఆమె కాపురం కోసం ప్రార్థించి, బట్ట వెనకవైపు తెల్లదారంతో సిలువలా రెండు కుట్లు వేయడం మా అమ్మ నేర్పిన అలవాటు. దర్జీ లైనింగు వేశాక అవి ఎవరికీ కనిపించవు. ఆరాధన అయ్యాక ఏడుస్తూ ఈ సంగతి చెబితే, శాంతి ఇంటికి పోయి ఆ పెళ్లి జాకెట్టు లైనింగు తానే విప్పింది, సిలువ ఉంది! ఆ బిడ్డ తనకు తెలిసిన పెళ్లికూతుళ్లకు చెప్పింది, బొట్టు పెట్టుకునే అక్కలు కూడా లైనింగులు విప్పి చూపించారు.

మా అన్న భార్య రూతు వదిన కంప్యూటర్ నేర్చుకున్నది. "మన పని మనమే చూపిద్దాం" అని నా పేరుతో వెబ్‌సైట్ మొదలుపెట్టింది, ప్రతి జాకెట్టుకూ ముందువైపు ఫోటో, దాని పక్కనే వెనకవైపు కుట్టు. కంప్యూటర్లో ముచ్చటగా ఉంది, అమ్మ ఫోన్లో తెరిస్తే నెమలికి తల లేదు, అక్షరాలు చీమలంత! "పెండ్లోళ్లు చూసేది ఫోన్లనే గదనే, గిట్లుంటే ఎవరికి కనిపిస్తది?" అన్నది అమ్మ. మళ్లీ మొదటి నుంచి చేశాం. ఫోటోలు ఒకదాని కింద ఒకటి పేర్చి, సిగ్నల్ సరిగా లేని ఊళ్లోనూ తెరుచుకునేలా వాటి సైజు తగ్గించి, బొటనవేలికి అందే చోట ఫోన్ చేసే బటన్ పెట్టి, ప్రార్థించి వదిలాం.

మేడం కబురు పంపింది: "అవి నా డిజైన్లు, తీసెయ్యకుంటే కేసు పెడ్త." ఎంత ధైర్యం! శాంతి ఊరుకోలేదు. "అవి ఆమెవే అయితే లోపల సిలువ ఎందుకు వేసిందో చెప్పుమనుండ్రి" అన్నది. ఆ మాటే మేడంకు చెప్పి పంపాం, కేసు పడలేదు.

కల్వకుర్తి నుంచి ఒక పెళ్లికూతురు తన ఫోన్లో చూసి నాకు పని ఇచ్చింది. బట్ట బిగించి, ఆమె కోసం ప్రార్థించి, తెల్లదారం ఎక్కించాను. రెండు కుట్లూ పడ్డాక గానీ గమనించలేదు, నా చేతులు వణకడం లేదు! దేవునికే మహిమ!

ప్రియులారా, మీ కష్టాన్ని ఎవరైనా దోచుకుంటే నోరు మూసుకుని కుమిలిపోకండి, ఆయనను నమ్మి ఆయన దగ్గరే అరవండి, వింటాడు. ఆ మేడంను నేను క్షమించాను, రోజూ ఆమె కోసం ప్రార్థిస్తున్నాను. వెబ్‌సైట్ మాత్రం తీయను.