నూటపదహారో సాఫ్ట్‌వేర్

మా ఓనరు ముందు అట్ట అచ్చు వేయించి, తర్వాత లోపల ఏం పెట్టాలో ఆలోచించే మనిషి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెతకు ఆయన దగ్గర ఆర్నెల్లు ఉద్యోగం చేస్తే ఉదాహరణలు వెతుక్కోనక్కర్లేదు.

హైదరాబాదులో ఎవరిని కదిలించినా సాఫ్ట్‌వేరు అంటున్న రోజులవి. అమీర్‌పేట గల్లీల్లో నడిస్తే మూడడుగులకొక కోర్సు కాగితం చేతిలో పెట్టేవారు. ఆ గాలి సాగర్ రోడ్డు పట్టుకుని ఇబ్రహీంపట్నం దాకా వచ్చింది. చౌరస్తా దగ్గర ఎరువుల దుకాణం పైన రెండు గదులు, నాలుగు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషను. అదే మా కంప్యూటర్ సెంటరు. ఎరువుల వాసన మెట్లెక్కి పైకొచ్చేది. నేను డిగ్రీ పూర్తిచేసి, ఒక కోర్సు చేసి, అక్కడ టైపింగు నేర్పే పనికి కుదిరాను.

చుట్టుపక్కల జనానికి పనికొచ్చే ప్రోగ్రాములన్నీ ఒకే సీడీలో పెట్టి అమ్మాలని ఓనరుకు బుద్ధి పుట్టింది. ఉచితంగా పంచుకోవచ్చని రాసి ఉన్నవి ఏరే పని నాది. తెలుగు అక్షరాలు, టైపింగు పాఠాలు, చదరంగం, గుంటలను గజాల్లోకి మార్చే లెక్క, ఇలా రెండు నెలలు ఏరాను. ఈలోగా అట్టలు వచ్చేశాయి. వాటి మీద బంగారు రంగులో ‘నూటపదహారు సాఫ్ట్‌వేర్లు’ అని ఉంది.

“వంద అంటే అయిపోయేది గదన్నా” అన్నాను.

“పెండ్లిల సదివింపులు వంద రాస్తరా? నూటపదార్లు రాస్తరు. గది శుభం. సీడీ కూడ శుభమే గద.”

నా లెక్క నూటపదిహేను దగ్గర ఆగిపోయింది. ఎంత గుంజినా ఒకటి తక్కువ. మర్నాడు కాపీలు తీయాలి. “గా ఒక్కటి నువ్వే రాయరాదు? చిన్నదే” అని చెప్పి ఓనరు భోజనానికి వెళ్లిపోయాడు.

ఏం రాయాలో తోచక కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. మహేశ్వరం వైపు ఒక బోరు బండి పోతోంది. ఆ ఏడు వానల్లేవు. రోజుకు నాలుగైదు బోరు బండ్లు అలా పోయేవి. సరే, ఇదే బాగుందనుకున్నాను. సాయంత్రానికి ‘బోరు పాయింట్’ తయారైంది. అది మీ పేరు, ఊరు, సర్వే నంబరు అడుగుతుంది. తెర మీద ఒక నీటి చుక్క కాసేపు పైకీ కిందికీ ఆడుతుంది. ఆ తర్వాత, పొలంలో నీళ్లు ఏ మూల ఉన్నాయో చెబుతుంది. నిజానికి అది చేసేదల్లా సర్వే నంబరును ఎనిమిదితో భాగించి, మిగిలిన అంకెకు ఒక దిక్కు చూపించడం. సరదా కోసం చేశాను. సరదా కోసమేనని ఎక్కడా రాయలేదు. పైగా సర్వే నంబరు అడిగాను. మా దగ్గర సర్వే నంబరు అడిగినవాణ్ణి ఎవరూ ఆటలాడుతున్నాడనుకోరు. భూమి లెక్కలు రాసే పట్వారీ అంతటివాడనుకుంటారు.

సీడీ బయటికెళ్లే ముందు మా ఓనరు పట్నంలో ఏదో మీటింగుకు వెళ్లి ‘ఫీడ్‌బ్యాక్’ అనే మాట నేర్చుకుని వచ్చాడు. ప్రతి సీడీలోనూ మా చిరునామా రాసిన పోస్టు కార్డు ఒకటి పెట్టించాడు. వచ్చిన ప్రతి కార్డుకూ మూడు రోజుల్లో జవాబు వెళ్లాలి. ఎవరు ఏం అడిగినా కుదరదని రాయకూడదు. ‘రెండో ఎడిషన్‌లో పెడతాం’ అని రాయాలి. దస్తూరి బాగుందన్న పాపానికి ఆ పనీ నాకే పడింది.

కార్డులు రానే వచ్చాయి. చదరంగంలో ఏనుగు బురుజులా ఉంది, తొండం పెట్టించగలరని ఒకరు రాశారు. రెండో ఎడిషన్‌లో పెడతామన్నాను. తుర్కయాంజాల్ నుంచి ఒక ఆటో ఆయన, సీడీని అద్దానికి వేలాడదీశాను, మస్తు మెరుస్తుంది, లోపల ఏమున్నదో కంప్యూటర్ లేదు గనక చూడలేదు, జర వివరంగా ఉత్తరం రాయమన్నాడు. నూటపదహారు పేర్లూ రాసి పంపాను. ఒక రిటైర్డ్ టీచరుగారైతే నేను రాసిన జవాబులో తప్పులు దిద్ది, పదికి నాలుగు మార్కులు వేసి, అదే కార్డును కవరులో పెట్టి తిప్పి పంపారు. ఆయనకు జవాబు నిఘంటువు ముందు పెట్టుకుని రాశాను. రెండోసారి ఆరు వచ్చాయి.

ఇలా నవ్వుకుంటూ ఉండగా గుండ్రటి చేతిరాతతో ఒక కార్డు వచ్చింది. మహేశ్వరం దారిలోని ఒక పల్లె నుంచి. మా దగ్గర టైపింగు నేర్చుకున్న అమ్మాయి వాళ్ల నాన్న చెబుతుంటే రాసింది. ‘తెలిసినోళ్ల కంప్యూటర్ల ఏసి చూస్తే మీ సీడీ ఈశాన్యం అంటున్నది. అరచేతిల కొబ్బరికాయ పట్టి నీళ్లు చూసేటాయన నైరుతి అంటుండు. ఇప్పటికి మూడు బోర్లు ఎండినయి. ఇది నాలుగోది. ఇది గూడ పోతే భూమి ప్లాట్లోళ్లకు ఇచ్చుడే. బేస్తవారం బండి వస్తది. ఈశాన్యం పక్కానా? జల్ది జవాబు రాయగలరు.’

కార్డు తీసుకెళ్లి ఓనరుకు చూపించాను.

“అన్నా, గా ప్రోగ్రాం ఉత్తదే. నేనే భాగహారం చేసి పెట్టిన.”

ఓనరు కార్డును అటూ ఇటూ తిప్పి చూశాడు. “చేతిరాత మంచిగున్నది. ఫికర్ చెయ్యకు. అభిప్రాయానికి ధన్యవాదాలు అని రాయి.”

“నాలుగో బోరు వేస్తున్నడన్నా!”

“రెండో ఎడిషన్ దాంక ఆగుమను.”

నేను జవాబు రాయలేదు. నిజం కార్డు మీద రాస్తే పోస్టుమ్యాన్ ఊరంతా చదివి వినిపిస్తాడు, ఉన్న ఒక్క ఉద్యోగమూ ఊడుతుంది. ముఖాముఖి చెబుదామని గురువారం పొద్దున్నే బస్సెక్కాను.

నేను వెళ్లేసరికి బోరు బండి పొలంలో నిలబడి ఉంది. కార్డు రాయించిన పెద్దాయన ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన తమ్ముళ్లిద్దరూ గట్టు మీద మొహాలు మాడ్చుకుని కూర్చున్నారు. పక్క చేనులో అప్పటికే ప్లాట్ల రాళ్లు పాతి, రంగు జెండాలు కట్టేశారు.

“కంపెనీ సారొచ్చిండు!” అని పెద్దాయన అందరికీ వినబడేలా అరిచాడు.

“బాపూ, జర పక్కకు రా. ఒక మాట చెప్పాలె.”

ఆయన పక్కకు వచ్చాడు గాని నన్ను మాట్లాడనివ్వలేదు. “బిడ్డా, మా తమ్ముళ్లు భూమి అమ్ముదామని కూసున్నరు. కంపెనీ చెప్పిందని చెప్పి ఇన్ని దినాలు ఆపిన. నువ్వేం చెప్పకు. గీడ నిలబడు, సాలు.”

నిజం చెబితే అప్పటికప్పుడే తమ్ముళ్ల చేతిలో ఆయన ఓడిపోతాడు. చెప్పకపోతే నా భాగహారం మీద బోరు వేస్తాడు. ఆయన కోసమే నోరు మూసుకున్నానని చెప్పుకోవాలని ఉంటుంది గాని, ఉద్యోగం పోతుందన్న భయం కూడా సగానికి సగం ఉంది. నిలబడ్డాను.

కొబ్బరికాయ ఆయన కూడా వచ్చి నా పక్కనే నిలబడ్డాడు. నైరుతి వద్దన్నారని ఆయనకు కోపమేమీ లేదు. ఒకే వృత్తివాళ్లం అన్నట్టు మెల్లగా మాట కలిపాడు.

“నా అరచేతిల కాయ లేసి నిలబడ్తది. మీకేం లేస్తది సారూ?”

“చుక్క ఆడ్తది.”

“అట్లనా” అని మెచ్చుకోలుగా తలూపాడు. “ఈ నడుమ నా కాయ గూడ సరిగ లేస్తలేదు.”

బండి మొదలైంది. ముందు ఎర్రమట్టి, తర్వాత తెల్లటి రాతిపొడి. ఆ పొడి మా అందరి తలల మీదా పడి, పిండిమరలో పనిచేసేవాళ్లలా తయారయ్యాం. మధ్యాహ్నం దాటినా పొడే. పెద్దాయన ఎండలోనే గొంతుక్కూర్చుని, కన్నార్పకుండా ఆ రంధ్రం వైపు చూస్తున్నాడు. తమ్ముళ్లు లేచి చెప్పులు వేసుకున్నారు. నేను నాకు తెలిసిన దేవుళ్లందరికీ, తెలియనివాళ్లకు కూడా మొక్కాను. అప్పుడు పొడి తడిసింది. తడిసిన పొడి బురదైంది. ఒక్కసారిగా నీళ్లు ఎగజిమ్మాయి.

“రెండించుల నీళ్లు!” అని బండి మీదివాడు అరిచాడు.

పెద్దాయన ఆ బురదలో కూర్చుని ఏడ్చాడు. తర్వాత తన తడి కండువాయే తీసి నా భుజాల మీద కప్పి సన్మానం చేశాడు. గంగమ్మకు కొబ్బరికాయ కొడదామంటే ఎవరూ తేలేదు. అందరూ నా పక్కనున్నాయన చేతిలోని కాయ వైపు చూశారు. పాపం, ఆయన ఒక్క క్షణం దాన్ని వెనక్కి దాచుకున్నాడు. తర్వాత ఇచ్చేశాడు. ఆ కొబ్బరి నేనూ తిన్నాను. అంత సంతోషమూ అంత సిగ్గూ ఒకేసారి నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

ఆ వార్త పాకింది. చదరంగం గురించి, టైపింగు గురించి కార్డులు ఆగిపోయాయి. అన్నీ బోరు కార్డులే. సీడీ అక్కర్లేదు, మా సర్వే నంబరు ఇదీ, దిక్కు రాసి పంపండి చాలు అనేవాళ్లు కొందరు. రెండో ఎడిషన్ అట్ట మీద ఓనరు పెద్ద నీటి చుక్క వేయించాడు. ఈలోగా మాకు దుమ్మే వచ్చిందని ఇద్దరు రైతులు రాశారు. ఆ రెండు కార్డులూ చదివాక నాకు అన్నం సయించలేదు. ఓనరు వాటికి స్వయంగా జవాబు రాశాడు. ‘మీ అభిప్రాయానికి ధన్యవాదాలు. రెండో ఎడిషన్‌లో నీళ్లు పెడతాం.’ కింద సంతకం కూడా పెట్టాడు.

అప్పుడు నేను చేయాల్సిన పని చేశాను. రెండో ఎడిషన్‌కు ఇచ్చే ప్రోగ్రాములో భాగహారం తీసేశాను. ఎవరు ఏ నంబరు కొట్టినా చుక్క ఆడి ఆడి, ‘ఇక్కడ నీళ్లు లేవు. బోరు వేయకండి’ అని చెప్పేలా మార్చాను. ఓనరు అట్ట చూసుకుని మురిసిపోయాడు గాని లోపల చూడలేదు.

మళ్లీ కార్డులు. సీడీ చెడిపోయిందని అందరిదీ ఒకటే మాట. తుడిచి చూశాం, అయినా నీళ్లు లేవంటోందన్నారు. కంప్యూటరు ఆపి మళ్లీ పెట్టమని రాయమన్నాడు ఓనరు. నేను ఆయనకు చూపించకుండా, ‘సీడీ బాగానే ఉంది. బోరు వేయకండి’ అని రాసి పోస్టు చేశాను. ‘మరి మీ కంపెనీ ఎందుకు పెట్టినట్టు?’ అని ఒకాయన తిరిగి రాశాడు. న్యాయమైన ప్రశ్నే.

ఎండాకాలం సగంలో ఒక మధ్యాహ్నం పెద్దాయన మెట్లెక్కి వచ్చాడు. బోరు ఎండిపోయిందట. ఇంకోటి వేద్దామంటే పాత సీడీ ఎన్నిసార్లు అడిగినా ఈశాన్యమే అంటోంది, కొత్త సీడీ అసలే వద్దంటోంది. ఆ సమయానికి గదిలో ఇంకెవరూ లేరు. నేను దాచుకున్నదంతా చెప్పేశాను. ఎనిమిదితో భాగించిన సంగతి, అట్ట మీద నంబరు నింపడానికి ఒక పూటలో రాసిన సంగతి, అన్నీ.

ఆయన ఓపిగ్గా విన్నాడు. “మరి నీళ్లెట్ల పడ్డయి?”

“అదృష్టం బాపూ.”

“అదృష్టమైతే ఇంక మంచిదే గద! గది నా దగ్గర లేదు. నీ దగ్గరున్నది.” కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నాడు. “సీడీ ఇడిశిపెట్టు. ఇంకోపారి నువ్వే చెప్పు. ఏ మూల?”

నా నోట్లోంచి ఏ దిక్కు ఊడిపడితే అక్కడికి బండి పోతుంది. ఆయన నన్ను చూసిన ఆ చూపు ఇప్పటికీ నాకు గుర్తే.

“ఎయ్యకు బాపూ. ఐదోది వద్దు.”

“గిది సీడీ మాటనా? నీ మాటనా?”

“నా మాటే.”

ఆయన కుర్చీని మళ్లీ వెనక్కి జరిపాడు. “గట్లయితే నీ మాట ఇంట” అని లేచి, రెయిలింగు పట్టుకుని మెల్లగా మెట్లు దిగాడు. జీవితంలో మొదటిసారి ఒక మనిషికి పనికొచ్చే మాట చెప్పానని ఆ రోజు ఇంటికెళ్లి కడుపునిండా తిన్నాను.

ఆయన బోరు వేయలేదు. భూమి ప్లాట్లవాళ్లకు ఇచ్చేశారు. మరుసటి ఏడు బస్టాండులో కనబడితే నేనే వెళ్లి పలకరించాను. నా యోగక్షేమాలు, తన బిడ్డ చదువు, అన్నీ మాట్లాడాక, ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పాడు.

“గాళ్లు పార్కుకని బోరేసిండ్రు బిడ్డా. మన చెల్క భూమిలనే. మస్తు నీళ్లట. ఇంక గట్లనే పోస్తున్నదట.”

ఆయన చేతిలోని సంచి అందుకున్నాను. బస్సొచ్చింది. ఎక్కించి, సంచి కిటికీలోంచి అందించాను. ఏ మూల వేశారో ఆయన చెప్పలేదు. నేను అడగలేదు.