నాన్న తీసిన పొట్లం

ఆ రోజుల్లో మా ఇంట్లో ఏ నిర్ణయమైనా దేవుడే తీసుకునేవాడు. పాపం ఆయనకు వేరే పని ఉందో లేదో ఎవరూ అడిగేవారు కాదు. మాది నిడదవోలు దగ్గర కాలవగట్టు ఊరు. నాన్న వ్యవసాయం చేసేవారు, ఇల్లు మాత్రం పెద్దత్త నడిపేది. పెద్దత్త అంటే నాన్నగారి అక్క. చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింటికి వచ్చి, మమ్మల్నందరినీ తన గుప్పిట్లో పెట్టుకుని పెంచిన మనిషి. ఇంట్లో ఏదైనా తేలకపోతే పువ్వులు పెట్టి అడగడం ఆవిడ పద్ధతి. ఒక కాగితం ముక్కలో తెల్ల నందివర్ధనం, ఇంకో ముక్కలో ఎర్ర గన్నేరు పెట్టి, రెండూ ఒకేలా మడిచి, వేంకటేశ్వరస్వామి పటం ముందు ఉంచి దణ్ణం పెట్టుకోవాలి. ఎవరో ఒక చిన్నపిల్లను పిలిచి ఒక పొట్లం తీయించాలి. తెలుపొస్తే చెయ్యమని, ఎరుపొస్తే మానుకోమని. ట్రాక్టరు కొనడం, బోరు వేయించడం అన్నీ అలాగే జరిగాయి. ఒకసారి కేబుల్ టీవీ పెట్టించుకోవచ్చా అని అడిగితే ఎరుపొచ్చింది. రెండు నెలలు తిరక్కుండా పెద్దత్త మళ్లీ పొట్లాలు కట్టింది. అదేంటత్తా అంటే, "అప్పుడు స్వామి కేబుల్ వద్దన్నాడు. ఇప్పుడు డిష్ సంగతి అడుగుతున్నానే" అంది. (తెల్ల పువ్వే వచ్చింది. ఆవిడకు సీరియళ్లంటే ప్రాణమని ఆయనకు మాత్రం తెలియదా?)

నేను డిగ్రీ పూర్తి చేసిన ఏడాది విశాఖపట్నంలో ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఊళ్లోనే ఉండి బి.ఇడి. చదవమని నాన్న, వెళ్లి తీరాలని నేను. వెళ్లకపోతే నా బతుకు ఆ కాలవగట్టు దాటదని నాకు బెంగ. పది రోజులు ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. చివరికి నాన్న, "అక్కయ్యా, స్వామినే అడిగేద్దాం. ఆయన ఏమంటే అది" అని చేతులు దులిపేసుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. నా ఉద్యోగం, నా కోరిక, మధ్యలో గన్నేరు పువ్వు పెత్తనం ఏమిటి? మర్నాడు పొద్దున్నే పెసరట్లు వేస్తున్న పెద్దత్త దగ్గర కూర్చుని వాదన మొదలుపెట్టాను.

"దేవుడికి అన్నీ ముందే తెలుసంటావు కదత్తా. నేను వెళ్తానో వెళ్లనో కూడా తెలుసా?"

"తెలుసు."

"ఆయనకి ముందే తెలిసిపోయాక ఇంక నేను వేరేలా ఎలా చేస్తాను? నా ఇష్టమనేది ఎక్కడుందసలు?"

"అట్టు చల్లారిపోతోంది. నువ్వు తింటావో తినవో కూడా ఆయనకి తెలుసు. తినవే."

తినకుండా లేచిపోయి నా స్వేచ్ఛ నిరూపించుకుందామనుకున్నాను. కానీ అల్లం, జీలకర్ర దండిగా పడిన అట్టది. తినేశాను. రెండోది కూడా అడిగి వేయించుకున్నాను.

స్నానాలయ్యాక పెద్దత్త, "పక్కింటి పిల్లలు బడికి పోయారే. ఇవాళ పొట్లాలు నువ్వు కట్టు, మీ నాన్న తీస్తాడు" అంది. పువ్వులు కోయడానికి పెరట్లోకి వెళ్లాను. నందివర్ధనం చెట్టు ముందు నిలబడగానే దుర్బుద్ధి పుట్టింది. రెండు పొట్లాల్లోనూ తెల్ల పువ్వే పెడితే? అమ్మో, మోసం కదా అనిపించింది. వెంటనే నా డిగ్రీ బుర్ర సమాధానం చెప్పింది. నేనిలా చేస్తానని ఆయనకు ముందే తెలుసు. తెలిసి కూడా ఆపలేదంటే ఇది ఆయన ఏర్పాటే. కాబట్టి చేసేది నేను కాదు, ఆయనే. (ఇంత సుఖమైన వేదాంతం తర్వాత మళ్లీ ఎప్పుడూ నా చేతికి చిక్కలేదు.) రెండు నందివర్ధనాలు కోసి, పాత క్యాలెండరు కాగితంలో మడిచి, ఏమీ ఎరగనట్టు పటం ముందు పెట్టాను.

నాన్న కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకున్నారు. ఎడమవైపు పొట్లం మీద చెయ్యి వేశారు. ఏమనుకున్నారో తీసేసి కుడివైపు దాని మీద వేశారు. మళ్లీ ఎడమ. నుదుటి మీద చెమట. ఆయన ఎంతో ఆలోచించి ఎంచుకుంటున్నారు, ఏది ఎంచుకున్నా ఏం వస్తుందో నాకు ముందే తెలుసు. అన్నీ తెలిసి అలా చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో ఆ నిమిషంలో అర్థమైంది, దేవుడి మీద మొదటిసారి జాలేసింది. నాన్న మీద ఇంకా ఎక్కువ జాలేసింది. నోరు విప్పి చెప్పేద్దామనుకునేలోగా ఆయన కుడివైపు పొట్లం తీసి నా ముఖంలోకి ఒకసారి చూసి, విప్పారు. తెలుపు.

"సరేనమ్మా, వెళ్లు" అన్నారు. అంతటితో ఊరుకోక, "రెండోది కూడా విప్పుదాం" అంటూ చెయ్యి చాపారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. పెద్దత్త చటుక్కున ఆ పొట్లం తీసి బొడ్లో దోపుకుని, "ఒకటి చెప్పాక రెండోది విప్పితే స్వామిని అనుమానించినట్టురా" అంది. అలాంటి నియమం ఉందని అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

నన్ను రైలెక్కించడానికి ఇద్దరూ నిడదవోలు స్టేషనుకు వచ్చారు. నాన్న నీళ్ల సీసా కొనడానికి వెళ్లినప్పుడు పెద్దత్త నా జడ సవరిస్తూ తాపీగా అంది. "ఆ రోజు మన గన్నేరు చెట్టుకి ఒక్కటే పువ్వు పూసిందే. నువ్వు పొట్లాలు కట్టాక కూడా అది చెట్టు మీదే ఉంది."

"తెలిసీ ఊరుకున్నావా?" అన్నాను.

"కట్టకముందే తెలుసు. నిన్ను పెంచినదాన్ని, ఆ మాత్రం తెలీదేంటి? అందుకేగా నీ చేతికిచ్చాను."

"ముందే తెలిస్తే అది నేను చేసినట్టెలా అవుతుందత్తా?"

"నాకు తెలిసినంత మాత్రాన నీ చెయ్యి పట్టుకుని కట్టించానా? నువ్వే కట్టావు. పాపమో పుణ్యమో నీదే. నాకు వాటా పెట్టకు."

"పోనీ, నేను బుద్ధిగా ఎర్రది కూడా పెట్టి ఉంటే?"

"వెళ్లాలని నీకే అంత లేదనుకునేదాన్ని" అని, నా నుదుటి మీద జుట్టు వెనక్కి తోసింది. రైలు కదిలాక ఏడుపొచ్చింది. దొరికిపోయినందుకు కాదు. నా లోపలిదంతా చూసి కూడా నన్ను నాకు వదిలేసిన మనిషిని అక్కడ వదిలి వెళ్తున్నందుకు.

ఆ ఉద్యోగమే నన్ను నిలబెట్టింది. ఇల్లు, పెళ్లి, పిల్లలు అన్నీ విశాఖపట్నంలోనే. నాన్న వచ్చినప్పుడల్లా మావారితో, "మీ ఆవిడ ఈ ఊరు రావడానికి కారణం ఈ చెయ్యేనండి అల్లుడుగారూ" అని కుడిచెయ్యి చూపిస్తారు. మొన్న వచ్చినప్పుడు ఉండబట్టలేక అడిగాను, ఎరుపొచ్చి ఉంటే ఏం చేసేవారు నాన్నా అని.

కాఫీ గ్లాసు కింద పెట్టి, చెప్పనా వద్దా అన్నట్టు చూసి, "విప్పేముందు నీ ముఖం చూశానమ్మా. ఏదొచ్చినా తెల్లదేనని చెప్పి గుప్పిట మూసేద్దామనుకున్నాను" అన్నారు.

దేవుడికి అన్నీ తెలుసా, తెలిస్తే మన ఇష్టం మనదేనా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. కానీ ఆ ఉదయం అందరికంటే తెలివైనదాన్నని అనుకుంటూ కూర్చున్న ఆ పిల్ల గుర్తొస్తే నవ్వూ వస్తుంది, కళ్లూ చెమరుస్తాయి. ఆ గదిలో అంతా తెలుసనుకున్నది తనొక్కతే. తనకోసం దేవుడి ముందు అబద్ధమాడడానికి ఇంకో ఇద్దరు సిద్ధంగా ఉన్నారని తెలియనిదీ తనొక్కతే.