నేరుగా అడిగే అత్త

మా అత్తకు మధ్యవర్తులంటే గిట్టదు. ఆమె నాయనకు చెల్లెలు. మా మాదిరే ఆర్‌సీఎం కేథలిక్ గుడిలో జ్ఞానస్నానం పొందిన మనిషే. పాకాలలో ప్రొటెస్టెంటు ఇంటికి కోడలుగా పోయినాక మమ్మల్ని బాగుచేసే పని నెత్తికెత్తుకుంది.

వడమాలపేటలో మా ఇంటికి వచ్చినప్పుడల్లా, మరియమాత స్వరూపానికి వీపు తిప్పేలా కుర్చీ జరుపుకుని కూర్చునేది. కాఫీ చల్లారకముందే మొదలుపెట్టేది.

"దేవుడుండగా ఆయమ్మను మొక్కేదెందుకు వదినా? మేం నేరుగా అడుగుతాం." 'నేరుగా' అన్నప్పుడు ఆమె వేలు సీలింగు ఫ్యాను వైపు లేచేది.

"ఆరాధించేది దేవుణ్ణేమ్మే. మాకోసరం ప్రార్థన చెయ్యమని ఆయమ్మను అడుగుతాం, అంతే," అనేది అమ్మ, చింతపండు పిసుకుతూ.

ప్రతిసారీ అదే ప్రశ్న, అదే జవాబు.

పోయినేడు మామకు గుండె ఆపరేషన్ అన్నారు. అత్త పాస్టరుగారికి ఫోన్ చేసి ప్రార్థన చెయ్యమంది. పాస్టరమ్మకు చేసింది. ఉపవాస కూటం ఆడోళ్లందరికీ చేసింది. బంగారుపాళ్యంలో ఒకామె ప్రార్థిస్తే తప్పకుండా జరుగుతుందని ఎవరో చెబితే, ఆమె నంబరూ సంపాదించింది. ఆఖరికి మా ఇంటికి చేసింది. అమ్మ స్పీకర్ పెట్టింది.

"వదినా, నువ్వూ ప్రార్థన చెయ్యి."

"నేను చేస్తే మరియమ్మతోనే చెప్పుకుంటా. నీకు పర్వాలేదా?"

అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"చెప్పుకో వదినా," అనింది అత్త. "ఇన్నేండ్లూ వీపు తిప్పుకునే కూర్చుంటి. నేను అడగమన్నట్టు మాత్రం ఆయమ్మకు తెలీనీయొద్దు."