రెండు లారీల ఆవులింత

మా బాబాయ్ ఆవులించాడంటే రెండు లారీలు ఆగాల్సిందే. ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు. ఆ ఆవులింతలన్నీ ఏరి ఫైలు కట్టింది నేనే.

బాబాయ్ అంటే నాకు చుట్టం కాదు. మా కంపెనీలో అద్దాల సరుకు మోసే లారీ నడిపే పెద్ద డ్రైవరు. అందరికీ బాబాయే. ఆయన లారీ నడుపుతుంటే, ఆఫీసులో కూర్చుని ఆయన్ని చూడటం నా ఉద్యోగం. లారీలో డ్రైవరు ముఖానికి ఎదురుగా అగ్గిపెట్టెంత కెమెరా ఉంటుంది. ఫోను ముట్టుకున్నా, చూపు పక్కకు తిప్పినా, ఆవులించినా అది కుయ్యిమంటుంది. మరుక్షణం ఆ వీడియో ముక్క నా ముందు వాలుతుంది.

కెమెరాలు బిగించిన రోజు యార్డులో పెద్ద రభస జరిగింది. "ఇన్నేళ్ళు అద్దం మీద గీత పడకుండా తోలాను, ఇప్పుడు నా మొహానికి కాపలానా?" అని ఒకాయన తాళాలు బల్ల మీద విసిరికొట్టాడు. ఒకడు కెమెరా మీద స్టిక్కరు అంటించి, నాలుగు తిట్లు తిని పీకాడు. ఇంకొకడు మర్నాటి నుంచి తల దువ్వుకుని, పౌడరు రాసుకుని రావడం మొదలెట్టాడు. మరొకాయనకైతే ఆ వీడియోలు నేరుగా తన భార్యకు వెళ్తున్నాయని అనుమానం. రోజంతా ఎవరో ఫొటో తీస్తున్నట్టు నవ్వుతూ నడిపేవాడు. అలాంటిదేమీ లేదని నేను ఒట్టేసి చెప్పినా, "మీ ఆడాళ్ళంతా ఒకటేలెండి" అన్నాడు.

గొడవ చేయనిది బాబాయ్ ఒక్కడే. "చూడనివ్వండ్రా. ఆ రోడ్డు చూసీ చూసీ నాకే విసుగొచ్చింది, నన్ను చూసి ఆ కెమెరాకి విసుగు రాదా?" అన్నాడు. రెండు నెలలపాటు ఆయన కెమెరా ఒక్కసారి కూడా మోగలేదు.

ఆ తర్వాత ఉన్నట్టుండి ఆవులింతలు మొదలయ్యాయి.

మామూలు ఆవులింతలు కావవి. ముందు నోరు తెరుచుకుంటుంది. తెరుచుకుంటూనే ఉంటుంది. ఇక ఆగుతుంది అనుకున్నచోట ఇంకాస్త తెరుచుకుంటుంది. దవడ ఓసారి పక్కకు తిరుగుతుంది. చివర్లో "ఆఁ... హహ్" అని ఒక రాగం. వెంటనే లారీలో ఆడగొంతు పలుకుతుంది: "అలసట గుర్తించాం. దగ్గర్లోని విశ్రాంతి స్థలంలో పదిహేను నిమిషాలు ఆగండి."

అద్దాల లారీలు జంటగా వెళ్ళాలన్నది మా రూలు. ముందుది ఆగితే వెనకది కూడా ఆగాలి. వెనక బండి నడిపేది ఒక అక్క. మా కంపెనీలో ఏకైక ఆడ డ్రైవరు. పనిలో చేరి అప్పటికి నెల దాటింది. మాటలో, నడకలో, బ్రేకులో ఎక్కడా మొహమాటం లేని మనిషి.

"బాబాయ్, మీ ఒక్కరి ఆవులింతకి రెండు లారీలు కావాలా? రాత్రుళ్ళు ఇంట్లో పడుకోరా?" అనేది బండి దిగగానే.

"పడుకుంటానే తల్లీ. నిద్ర మాత్రం డ్యూటీ ఎక్కాకే వస్తోంది."

"రేపట్నుంచి మీకు కాఫీ తెస్తాను. వేలు పెడితే నిలబడాలి, అంత చిక్కగా!"

తెచ్చింది కూడా. అది తాగిన రోజు ఆయన మరింత ఘనంగా ఆవులించాడు.

ఇక్కడ నా బాధ కూడా చెప్పుకోవాలి. ఆవులింత అంటుకుంటుంది. ఆయన వీడియో చూడగానే నాకూ వచ్చేది. ఇంకో సంగతేమిటంటే, డ్రైవర్లను చూసే మా నెత్తిన కూడా కెమెరా ఉంది. నేను ఆవులించగానే నా స్క్రీను నల్లబడిపోయి, "పది నిమిషాలు లేచి తిరగండి" అని రాసి చూపించేది. దానికి మార్కులు కోయరు కాబట్టి బతికిపోయాను. డ్రైవర్లకు అలా కాదు. మూడు నెలల్లో నలభై ఆవులింతలు దాటితే "నడపడానికి తగడు" అని లారీ తీసేసుకుంటారు. ఆ తర్వాత బతుకంతా గోడౌనులో పెట్టెల మీద చీటీలు అంటించడమే.

బాబాయ్ నలభై ఒకటో ఆవులింత ఒక సోమవారం పూట కొట్టాడు.

మేనేజరు నన్ను పిలిచాడు. "ఆ నలభై ఒక్క వీడియోలూ వరసగా పెట్టి గురువారానికి సిద్ధం చెయ్యమ్మా. పెద్దాయన్ని దించేయాలి. నాకూ బాధగానే ఉంది, కానీ రూలు రూలే."

ఇరవై ఏడేళ్ళు లారీ నడిపిన మనిషిని నా చేతులతో దించేయడం నాకిష్టం లేదు. అయినా కూర్చుని చూశాను. పన్నెండోది చూస్తుంటే ఒక చిత్రం కనబడింది. మనిషికి ఆవులింత వస్తే కళ్ళు మూతలు పడతాయి, నీళ్ళు తిరుగుతాయి. బాబాయ్ నోరు గుహలా తెరుచుకున్నా కళ్ళు మాత్రం టార్చిలైట్లలా వెలుగుతున్నాయి. పైగా అవి పక్క అద్దంలో వెనక బండినే చూస్తున్నాయి. నలభై ఒక్కసార్లూ అంతే. ప్రతిసారీ బయల్దేరిన రెండు గంటలకే. ప్రతిసారీ శుభ్రమైన బాత్రూములున్న విశ్రాంతి స్థలానికి కొంచెం ముందే. మధ్యలో అక్క ఊరెళ్ళిన వారంలో ఒక్క ఆవులింత కూడా లేదు.

అప్పుడు అక్క బండి వీడియోలు తీశాను. చేరిన కొత్తలో అక్క పక్కన లీటరు నీళ్ళ సీసా ఉంది. ఆరు గంటల ప్రయాణం తర్వాత కూడా అది నిండుగానే ఉంది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. నాలుగో వారంలో మూడు రోజుల సెలవు చీటీ: జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షను. ఆ చీటీ వచ్చిన మరుసటి వారమే బాబాయ్ తొలి ఆవులింత.

అక్క నీళ్ళెందుకు ముట్టలేదో నాకు బాగా తెలుసు. సొంతంగా బండి ఆపాలంటే డ్రైవరు కారణం నొక్కాలి. ఆ కారణం మా ఆఫీసు గోడ మీదున్న పెద్ద తెర మీద, బండి నంబరు పక్కనే మెరుస్తుంది. ఓసారి ఒకాయన పేరు పక్కన "కడుపు గడబిడ" అని పడితే, నెల రోజులు యార్డంతా ఆయన్ని అదే పేరుతో పిలిచింది. అది చూశాక ఏ ఆడమనిషి ఆ మీట నొక్కుతుంది? నీళ్ళు తాగడమే మానేసింది. నాకు నిజంగా సిగ్గేసింది. మూడు నెలలుగా రోజూ ఆవిడ ముఖం చూస్తున్నాను, సీసా చూడలేదు.

బుధవారం బాబాయ్‌ని టీ మిషను దగ్గర పట్టుకున్నాను.

"బాబాయ్, మీకు నిజంగా నిద్ర వస్తోందా?"

"ఏం నిద్రమ్మా, పడుకున్నా రావట్లేదు."

"మరి ఆ ఆవులింతలు?"

ఆయన అటూ ఇటూ చూశాడు. "వారం రోజులు అద్దం ముందు నేర్చుకున్నాను. దవడ పట్టేసి ఒక్క పూట తిండి కూడా తినలేదు. మీ పిన్ని నాకేదో సోకిందని డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది."

"అక్కతో ఒక్క మాట చెప్పొచ్చు కదా?"

"అమ్మో! తన కోసమని తెలిస్తే ఆ పిల్ల అభిమానానికి పోయి బండే దిగదు. ముసలాడికి నిద్ర పిచ్చి అనుకుంటే సుఖంగా దిగి, నన్ను నాలుగు తిట్టి, నాలుగు గుక్కలు తాగి ఎక్కుతుంది. నువ్వు మాత్రం ఎక్కడా అనకు."

"రేపు మీ లారీ తీసేసుకుంటారు బాబాయ్!"

ఆయన టీ కప్పులోకి చూశాడు. "తెలుసు. చీటీలు అంటించడం కూడా పనేగా" అన్నాడు. కానీ టీ తాగకుండానే కప్పు పక్కన పెట్టేశాడు.

గురువారం విచారణ. మేనేజరు, బాబాయ్, నేను. మాటిచ్చాను కాబట్టి అక్క పేరెత్తకూడదు. మనసులో దండం పెట్టుకుని వీడియోలు మొదలెట్టాను. మూడో దానికి మేనేజరు ముక్కుపుటాలు అదిరాయి. ఐదో దానికి పళ్ళు బిగించాడు. ఏడో దానికి మనిషి లొంగిపోయాడు. బాబాయ్‌కి దీటుగా నోరు తెరిచి, "ఆఁ... హహ్" అన్నాడు.

గోడ మీది కెమెరా కుయ్యిమంది. మేనేజరు స్క్రీను నల్లబడింది.

"ఇక్కడ కూడా దీన్ని ఎవరు పెట్టించారు?" అని ఆయన అరిచాడు.

"మీరే సార్" అన్నాను.

పది నిమిషాలు చేసేదేమీ లేక మేనేజరు లేచి, గబగబా బాత్రూము వైపు నడిచాడు.

"సార్, బయటికి వెళ్తున్నందుకు కారణం ఏమని రాయను? గోడ తెర మీద వేయాలి కదా?" అన్నాను, ముఖం చాలా అమాయకంగా పెట్టి.

ఆయన తలుపు దగ్గర ఆగిపోయాడు. నన్ను చూశాడు. గోడవతలి తెర వైపు చూశాడు. వెళ్ళి, తేలికపడ్డ ముఖంతో తిరిగొచ్చాడు.

"సార్, ఆవులింత వచ్చేదాకా ఎదురుచూడటం ఎందుకు? ప్రతి రెండు గంటలకీ జంట లారీలు పావుగంట ఆగాలని రూలు పెడితే సరిపోతుంది. కారణం అడగక్కర్లేదు, తెర మీద వేయక్కర్లేదు."

"కారణం అడక్కుండానా?" అంటూ మొదలెట్టి, మధ్యలో ఏం గుర్తొచ్చిందో దగ్గాడు. "సరే, రాసుకురా. సంతకం పెడతాను. పెద్దాయన ఇంకో నెల నడిపి చూడనీ. ఆవులింతలు తగ్గితే సరే."

తగ్గడమేమిటి, ఆ రోజుతో ఆవులింతలు మాయమైపోయాయి. అక్క యార్డంతా తిరిగి చాటింపు వేసింది. "చూశారా? నా కాఫీ పనిచేసింది!" బాబాయ్ బుద్ధిగా తలూపాడు. సాయంత్రం బండి తిరిగొచ్చేసరికి అక్క సీసా ఖాళీగా ఉంటోంది. ఇప్పుడు నేను మొదట చూసేది దాన్నే.

మూడు వారాల తర్వాత, తెల్లారిందగ్గర్నుంచి కుర్చీ దిగకుండా పనిచేసిన ఒక మధ్యాహ్నం, బాబాయ్ కెమెరా మోగింది. మళ్ళీ ఏమొచ్చిందోనని హడావిడిగా వీడియో తెరిచాను.

విశ్రాంతి స్థలంలో ఆపిన లారీ. ఈసారి కళ్ళు అద్దంలో లేవు. తిన్నగా కెమెరాలోకి, అంటే నా ముఖంలోకి చూస్తున్నాయి. పెద్ద ఆవులింత, మధ్యలో దవడ తిప్పడంతో సహా. అది పూర్తయ్యాక బాబాయ్ నవ్వి, "అమ్మాయ్, నువ్వూ లేచి నాలుగడుగులు వెయ్యి. కాసిని నీళ్ళు తాగు" అన్నాడు.

నాకు ఆవులింత వచ్చేసింది. స్క్రీను నల్లబడింది. సీసా తీసుకుని లేచాను.