గడ్డ కరుగుతుందని చెప్పని ఆంటీ

గత గురువారం ఉదయం ఆఫీసుకి ట్రైన్‌లో వెళ్తుండగా మా ఫ్రీమాంట్ తెలుగు చర్చి గ్రూపులో మెసేజ్ వచ్చింది. గుండె ఆగి సూదుల ఆంటీ పోయారని. ఆ పేరు చర్చిలో పిల్లలు పెట్టింది. పెద్దవాళ్ళమూ అలాగే పిలిచేవాళ్ళం. మెసేజ్ రెండుసార్లు చదివి, తొమ్మిదింటి మీటింగ్‌కి వెళ్ళాను.

ఆవిడది భీమవరం. భర్త ఉద్యోగం మీద అమెరికా వచ్చినప్పుడు ఆవిడ వీసా మీద పని చేయడానికి వీల్లేదు, చదువుకోవచ్చు. నాలుగేళ్ళు చైనా వైద్యం చదివి, లైసెన్స్ తెచ్చుకుని, పని చేసే అనుమతి వచ్చాక గరాజ్‌ని గదిగా మార్చి ప్రాక్టీస్ పెట్టారు. చర్చిలో ఒకాయన "అది వేరే దేవుళ్ళ వైద్యం కదమ్మా" అంటే, "సూదికి మతమేంటండీ, స్టీలది" అన్నారట.

నేను ఆవిడ దగ్గరికి వెళ్ళింది భయంతో. పొత్తికడుపులో నెప్పని తీయించిన స్కాన్‌లో నా ఎడమ అండాశయంలో నాలుగు సెంటీమీటర్ల గడ్డ కనిపించింది. డాక్టర్ ఫైబ్రోమా, అంటే క్యాన్సర్ కాని గడ్డ కావచ్చంది, మా ఇంట్లో పొరపాటున ఫైబ్రాయిడ్ అనేవాళ్ళు. మూడు నెలల తర్వాత మళ్ళీ చూసి, పెరిగితే ఆపరేషన్ చేద్దామంది. అప్పుడు మా టీమ్‌లో లేఆఫ్‌లు నడుస్తున్నాయి. నాది హెచ్-వన్ వీసా, ఉద్యోగం పోతే దేశం వదిలి వెళ్ళాలి. సెలవు పెట్టినవాళ్ళ పేరే ముందు లిస్టులోకి ఎక్కుతుందని నా నమ్మకం.

ఆంటీ నాలుక చూపించమన్నారు. మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి, రెండు చేతులకీ విడివిడిగా నాడి చూశారు. కాళ్ళూ చేతులూ చల్లబడతాయా, నెలసరిలో రక్తం గడ్డలుగా పడుతుందా అని అడిగారు. చివరికి "ఎవరి మీద కోపం మింగుతున్నావమ్మాయ్?" అన్నారు.

"మా మేనేజర్ మీద."

ఆవిడ నవ్వలేదు. కాగితం మీద రాసుకున్నారు.

"చైనా వైద్యంలో కదలాల్సిన రక్తం ఒకచోట నిలిచిపోతే గడ్డవుతుందంటారు. కోపం దిగమింగితే ఒంట్లో శక్తి అడ్డం పడుతుంది. అది ఆగితే రక్తమూ ఆగుతుంది. చలి చేరితే ఇంకా పేరుకుంటుంది. మేం దాన్ని కదిలించి, వెచ్చబెట్టాలని చూస్తాం."

"కరుగుతుందా ఆంటీ?"

"నెప్పి తగ్గొచ్చు, నిద్ర పట్టొచ్చు. గడ్డ కరుగుతుందని మాత్రం నేను చెప్పను. నీ స్కాన్ డేట్ ఎప్పుడు?"

ప్రతి శనివారం చీలమండ పైనా, పొత్తికడుపు మీదా సన్నటి సూదులు గుచ్చేవారు. మాచిపత్రి లాంటి ఎండుటాకును చుట్టగా చుట్టి కాల్చి, బొడ్డు కింద సెగ చూపించేవారు. దాల్చిన కొమ్మలు, పీచ్ గింజల పప్పు, ఏవో వేళ్ళూ కలిపిన కషాయం ఇచ్చారు, అదీ మా డాక్టర్‌కి చూపించి సరేనన్నాకే. రెండో నెలకి నెప్పి నిజంగానే తగ్గింది.

"స్కాన్ క్యాన్సిల్ చేసేశాను ఆంటీ" అన్నాను ఒక శనివారం, సంతోషంగా.

ఆవిడ చేతిలో సూది ట్రేలో పెట్టేశారు. "లేచి చెప్పులేసుకో. స్కాన్ చేయించుకుని రా."

"ఆపరేషన్ అంటారు. జాబ్ పోతే మీరిస్తారా?"

"ఇవ్వలేను. కానీ నెప్పి తగ్గించి నీకీ ధైర్యం ఇచ్చింది నేనే. దాంతో నువ్వు డాక్టర్ దగ్గరికెళ్ళడం మానేస్తే ఆ తప్పు నాది."

మూడు వారాలు ఆవిడతో మాట్లాడలేదు. చర్చిలో వేరే వరసలో కూర్చున్నాను. చివరికి స్కాన్‌కి వెళ్ళింది కూడా ఆవిడది పొరపాటని రుజువు చేద్దామనే. గడ్డ ఆరు సెంటీమీటర్లయింది.

ఎడమ అండాశయంతో సహా తీసేశారు. క్యాన్సర్ కాదని రిపోర్ట్ వచ్చింది. లేఆఫ్‌లో పోయింది మా మేనేజర్ ఉద్యోగం.

ఆపరేషన్ మర్నాడు ఆంటీ చారన్నం పట్టుకుని ఆసుపత్రికి వచ్చారు. "నేను ముందే చెప్పానా" అనలేదు. నెప్పికి సూదులు వేస్తారా అని అడిగితే, "ముందు మీ సర్జన్‌ని అడుగు" అన్నారు. ఆవిడకి క్షమాపణ చెప్పాలని ఆ గదిలోనే అనుకున్నాను. తర్వాత రెండేళ్ళు ప్రతి ఆదివారం కనిపించారు. చెప్పలేదు.

శనివారం సమాధి కార్యక్రమం అయ్యాక వాళ్ళింటికి వెళ్ళాం. వంటింటి కిటికీలోంచి పెరట్లోకి చూస్తూ ఆంటీ కూతురు నిలబడి ఉంది. ఇక్కడే పుట్టిన పిల్ల. "అమ్మ వెన్స్‌డే వాష్ చేసింది ఆంటీ. నాకు తీయాలని లేదు" అంది నాతో.

పెరట్లో తాడు మీద పేషెంట్ల బల్ల మీద పరిచే తెల్లటి దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. ఎప్పుడో ఆరిపోయాయి. ఒకదానికి ఒక క్లిప్పు ఊడిపోయి, ఆ మూల గాలికి లేస్తూ, పడుతూ ఉంది.